రోమన్ స్టోయిక్ తత్వాన్ని రోజువారీ జీవితంలో ఆచరించడం ఎలా? సమగ్ర మార్గదర్శి

స్టోయిసిజం అనగానే ఇప్పుడు చాలామందికి గుర్తొచ్చేది రీల్స్‌లో కనిపించే పాలరాతి విగ్రహం, దాని మీద ‘ఎవరినీ పట్టించుకోకు, రాయిలా ఉండు’ అనే తరహా కొటేషన్. రోమన్లు చెప్పింది అది కాదు. వాళ్ల రాతల్లో పెద్ద భాగం తోటి మనిషితో ఎలా మెలగాలి అన్నదాని గురించే ఉంటుంది, ఆ భాగాన్ని కత్తిరించేసి మిగిలినదాన్ని మొండితనం నేర్పే పాఠంలా పంచుతుంటే నాకు నిజంగా బాధగా ఉంటుంది. అందుకే ఇది రాస్తున్నాను. రోజులో ఏ వేళకు ఏ సాధన చేయాలి, దాన్ని ఎవరు ఎందుకు చెప్పారు, ఎక్కడ జాగ్రత్తపడాలి, అన్నీ వరసగా చెప్తాను. తత్వశాస్త్రం చదివి ఉండాల్సిన పనిలేదు. ఒక నోట్‌బుక్, రోజుకో పావుగంట ఉంటే చాలు.

ముందు ఈ మనుషులెవరో తెలుసుకోండి

ఈ తత్వం పుట్టింది రోమ్‌లో కాదు. క్రీ.పూ. 300 ప్రాంతంలో ఏథెన్స్‌లో జీనో అనే ఆయన, గోడల నిండా బొమ్మలున్న ఒక వసారాలో పాఠాలు చెప్పేవాడు, అక్కడ మొదలైంది. క్రీ.పూ. 155లో ఏథెన్స్ ముగ్గురు తత్వవేత్తల్ని రోమ్‌కి రాయబారులుగా పంపింది, వాళ్లలో ఒకరు స్టోయిక్. రోమ్ కుర్రకారు ఎగబడి విన్నారు. రోమన్ నాయకుడు పెద్ద కేటోకి అది నచ్చలేదు, వీళ్ల పని తొందరగా తేల్చి వెనక్కి పంపించేయండి అని సెనేట్‌ని తొందరపెట్టాడు. వాళ్లయితే వెళ్లిపోయారు గానీ తత్వం మాత్రం రోమ్‌లోనే ఉండిపోయింది.

మనకి ముఖ్యంగా కావలసింది నలుగురు. సెనెకా ఇప్పటి స్పెయిన్‌లోని కోర్డోబాలో పుట్టాడు, క్రీ.శ. 41 నుంచి 49 దాకా కోర్సికా ద్వీపంలో ప్రవాసంలో ఉన్నాడు, తర్వాత, కాబోయే చక్రవర్తి నీరోకి గురువయ్యాడు, సలహాదారయ్యాడు, లెక్కలేనంత ఆస్తి కూడబెట్టాడు, చివరికి 65లో అదే నీరో ఆజ్ఞతో ప్రాణం తీసుకున్నాడు. మ్యూసోనియస్ రూఫస్‌ని కూడా నీరోనే గ్యారోస్ అనే రాళ్ల దీవికి పంపేశాడు. ఆయన శిష్యుడు ఎపిక్టెటస్, ఇప్పటి టర్కీలో పుట్టిన బానిస, కుంటివాడు. స్వేచ్ఛ వచ్చాక రోమ్‌లో పాఠాలు చెప్పుకుంటుంటే డొమిషియన్ చక్రవర్తి తత్వవేత్తలందర్నీ వెళ్లగొట్టాడు, దాంతో గ్రీసులోని నికోపొలిస్‌కి వెళ్లి బడి పెట్టాడు. నాలుగో మనిషి మార్కస్ ఆరీలియస్, 161 నుంచి 180 దాకా రోమ్ చక్రవర్తి, ఆ ఏళ్లలో చాలా భాగం ప్లేగుతో, డాన్యూబ్ సరిహద్దు యుద్ధాలతో గడిచిపోయింది.

నాకు వీళ్ల కథలో అన్నిటికంటే నచ్చేది ఒక చిన్న విషయం. ఎపిక్టెటస్ ఏదీ రాయలేదు, ఆరియన్ అనే శిష్యుడు ఆయన పాఠాల్ని నోట్సుగా రాసుకున్నాడు. మార్కస్ కుర్రాడిగా ఉన్నప్పుడు రస్టికస్ అనే గురువు ఆ పాఠాల ప్రతిని తన సొంత పుస్తకాల్లోంచి తీసి అతనికిచ్చాడు. ఒకప్పటి బానిస చెప్పిన మాటల్ని చక్రవర్తి జీవితాంతం పట్టుకున్నాడన్నమాట. ఇది డబ్బున్నవాళ్లకో చదువుకున్నవాళ్లకో మాత్రమే పనికొచ్చేదని ఎవరైనా అంటే ఇదే నా జవాబు.

మొదటి అడుగు: రాత్రి నుంచి మొదలుపెట్టండి

చాలామంది పొద్దున్నే ఐదింటికి లేవడంతో మొదలుపెడదామనుకుంటారు, మూడో రోజుకి వదిలేస్తారు. నా సలహా, రాత్రితో మొదలుపెట్టండి. అప్పటికే గడిచిపోయిన రోజు చేతిలో ఉంటుంది, కొత్తగా ఏదీ చేయక్కర్లేదు, చూడటమే.

సెనెకా దీన్ని ఎలా చేసేవాడో కోపం గురించి రాసిన పుస్తకంలో స్వయంగా చెప్పాడు. దీపం తీసేస్తారు. ఆయన అలవాటు తెలిసిన భార్య మాట్లాడకుండా ఊరుకుంటుంది. అప్పుడు ఆ రోజంతా తిరగేసి చూసుకుంటాడు, అన్నదీ చేసిందీ, ఏదీ దాచుకోకుండా. ఇది ఆయన సొంతంగా కనిపెట్టింది కాదు, తనకంటే ముందుతరం వాడైన సెక్స్టియస్ దగ్గర నేర్చుకున్నాడు. సెక్స్టియస్ పడుకునే ముందు తన మనసుని మూడు ప్రశ్నలడిగేవాడు: ఈ రోజు నీలో ఉన్న ఏ చెడ్డ అలవాటుకి మందు వేశావు? ఏ లోపానికి ఎదురు నిలబడ్డావు? ఏ విషయంలో కాస్త మెరుగయ్యావు?

సెనెకా ఇచ్చిన ఉదాహరణలు చూస్తే ఆశ్చర్యం వేస్తుంది, అంత మామూలువి. ఒక మనిషిని మరీ మొహం మీదే మందలించాను, దానివల్ల అతను మారకపోగా నొచ్చుకున్నాడు, ఇకముందు నువ్వు చెప్పేది నిజమా కాదా అనే కాదు, ఎదుటివాడు ఆ నిజాన్ని తట్టుకోగలడా లేదా కూడా చూసుకో. విందులో ఎవరో వేసిన జోకులు నీకు గుచ్చుకున్నాయి కదా, అలాంటివాళ్లకి దూరంగా ఉండు. విందులో గౌరవం లేని చోట కూర్చోబెట్టారని ఆతిథ్యమిచ్చినవాడి మీద మండిపడ్డావు, ఏ చోటైతే ఏమైంది? నీరో దర్బారులో తిరిగిన మనిషి రాత్రి పూట కూర్చుని ఆలోచించింది రాజకీయం గురించి కాదు, సీటు దగ్గర వచ్చిన ఉక్రోషం గురించి. ఆ తర్వాత తనకి తాను చెప్పుకునే మాట మరీ ముఖ్యం: ఇంకోసారి అలా చేయకు, ఈసారికి క్షమించాను.

మీరు చేయాల్సింది ఇది. పడుకునే ముందు ఫోన్ వేరే గదిలో పెట్టేయండి. పొద్దుట్నుంచి ఎవరెవర్ని కలిశారో, ఏం మాట్లాడారో వరసగా గుర్తు తెచ్చుకోండి. మూడు ప్రశ్నలూ అడగండి. ఒక్క వాక్యం మాత్రం నోట్‌బుక్‌లో రాయండి, అదీ వీలైనంత నిర్దిష్టంగా. ‘ఈ రోజు ఓపిగ్గా లేను’ అని రాస్తే ఉపయోగం లేదు, ‘అమ్మ ఫోన్‌లో రెండోసారి అదే విషయం చెప్తుంటే విసుక్కున్నాను’ అని రాయాలి. మొదటి రెండు వారాలు ఇంకేమీ చేయొద్దు, ఇదొక్కటే.

ఒక జాగ్రత్త. రాత్రి పక్క మీదకి చేరగానే తప్పులన్నీ గుర్తొచ్చి నిద్రపట్టని మనుషులుంటారు. మీరు అలాంటివారైతే దీన్ని రాత్రి చేయకండి, సాయంత్రం వెలుతురు ఉండగానే కూర్చోండి, మూడో ప్రశ్న ఒక్కటే అడగండి. ఈ సాధన తనని తాను కొట్టుకోవడానికి పెట్టింది కాదు, ఆ క్షమించే మాట లేకపోతే సగమే చేసినట్టు.

రెండో అడుగు: ఏది మీ చేతిలో ఉంది?

ఎపిక్టెటస్ పాఠాల్లోంచి ఆరియన్ కూర్చిన చిన్న పుస్తకం (ఎన్కిరిడియన్) మొదలయ్యేదే దీనితో. మన అభిప్రాయాలు, మనం ఏం చేద్దామనుకుంటామో, ఏం కోరుకుంటామో, దేన్ని వద్దనుకుంటామో, ఇవి మన చేతిలో ఉన్నవి. శరీరం, ఆస్తి, పేరు, పదవి మన చేతిలో లేనివి. రెండో రకంవాటిని మొదటి రకం అనుకుంటే ఏడుస్తావు, దేవుళ్లనీ మనుషుల్నీ తిడతావు అంటాడు. ఒళ్లే తన సొంతం కాని బానిసగా బతికినవాడి నోటి నుంచి వచ్చిన మాట ఇది, ఆ సంగతి మర్చిపోకూడదు.

దీన్ని చాలామంది ‘ఫలితం మన చేతిలో లేదు కాబట్టి వదిలెయ్యి’ అని అర్థం చేసుకుంటారు. అది కాదు. రోమన్ రచయిత సిసిరో ఒక పుస్తకంలో స్టోయిక్కుల తరఫున విలుకాడి పోలిక చెప్పిస్తాడు. గురి చూడటం, సరిగ్గా లాగి వదలడం, తన శక్తికొద్దీ అన్నీ చేయడం విలుకాడి పని. బాణం తగలాలని కోరుకోవచ్చు, తగలడమే మంచిది కూడా, కానీ తన పని సరిగ్గా చేశాడా లేదా అన్నది గురి చూసి వదిలిన తీరులోనే ఉంది.

నోట్‌బుక్‌లో ఒక పేజీని నిలువుగా రెండు భాగాలు చేయండి. ప్రస్తుతం టెన్షన్ పెడుతున్న విషయం ఒకటి తీసుకోండి. అమెరికా వీసా ఇంటర్వ్యూ అనుకుందాం, మన ఇళ్లలో దీని టెన్షన్ తెలియనివాళ్లు తక్కువ. ఒకవైపు: పేపర్లన్నీ సరిగ్గా పెట్టుకోవడం, అడిగినదానికి నిజం సూటిగా చెప్పడం, టైముకి చేరుకోవడం, రాకపోతే ఏం చేయాలో ముందే ఆలోచించి పెట్టుకోవడం. రెండోవైపు: ఆఫీసర్ మూడ్, ఆ ఏడాది రూల్స్, పక్కింటివాళ్లు ఏమంటారు. ఇప్పుడు అసలు పని. రెండోవైపున్న కోరికని మొదటివైపుకి మార్చి రాయండి. ‘వీసా రావాలి’ అన్నది ‘నా వంతు లోటు లేకుండా చేయాలి’ అవుతుంది. వాక్యం మారినంత మాత్రాన భయం పోదు, కానీ ఆ రోజు ఏ పని మీద కూర్చోవాలో మాత్రం స్పష్టంగా తెలుస్తుంది.

దీనికి తోడు సెనెకా ఇంకో అలవాటు చెప్పాడు. ఏ పని అనుకున్నా ‘ఏదీ అడ్డు రాకపోతే’ అని మనసులో చేర్చుకోవడం. ఓడ ఎక్కుతాను, ఏదీ అడ్డు రాకపోతే. మన పెద్దవాళ్లు ‘దేవుడి దయుంటే వస్తాం’ అనేది దాదాపు ఇదే, అలవాటుగా కాకుండా మనసుపెట్టి అంటే సరిపోతుంది.

మూడో అడుగు: పొద్దున్నే రెండు నిమిషాలు

మార్కస్ తనకోసం రాసుకున్న ‘మెడిటేషన్స్’ పుస్తకంలోని మాటల్లో ఇంటర్నెట్‌లో ఎక్కువగా తిరిగేది రెండో భాగం మొదట్లో ఉంది. పొద్దున్నే నీకు నువ్వు చెప్పుకో: ఈ రోజు నాకు అనవసరంగా తలదూర్చేవాళ్లు, కృతజ్ఞత లేనివాళ్లు, పొగరుబోతులు, మోసగాళ్లు, అసూయపరులు ఎదురవుతారు. కొటేషన్ ఇక్కడే ఆపేస్తారు. ఇక్కడ ఆపేస్తే అది జనం మీద అసహ్యం పెంచే మాటలా ఉంటుంది. మార్కస్ ఆపలేదు. మంచేదో చెడేదో తెలియక వాళ్లు అలా ఉన్నారు, ఆ తెలిసిన నేను వాళ్ల మీద కోపం పెట్టుకోకూడదు, మేం ఒకరికొకరు సాయపడటానికి పుట్టాం, కాళ్లలా, చేతుల్లా, కనురెప్పల్లా, పై వరస పళ్లూ కింది వరస పళ్లలా, ఒకరికొకరు అడ్డుపడటం ప్రకృతికి విరుద్ధం అని ముగించాడు. ఆ చివరి సగం లేకుండా మొదటి సగాన్ని ఎప్పుడూ చదవొద్దు.

కాబట్టి కాఫీ తాగేలోపు ఈ రోజు కలవబోయే మనుషుల్లో ఎవరితో ఇబ్బంది రావచ్చో ఒక్కరిని తలుచుకోండి. ఆ మనిషి ఎలా ప్రవర్తించవచ్చో ఊహించండి, తర్వాత ఆ మనిషితో కలిసి చేయాల్సిన పని ఏంటో ఊహించండి. రెండోది ముఖ్యం.

లేవడమే కష్టంగా ఉంటే మార్కస్‌కీ అంతే. ఐదో భాగంలో తనతో తానే వాదించుకుంటాడు: మనిషిగా చేయాల్సిన పని చేయడానికి లేస్తున్నాను, దుప్పటి కప్పుకుని వెచ్చగా పడుకోవడానికా నేను పుట్టింది? కానీ ఇది హాయిగా ఉంది కదా! హాయి కోసమా పుట్టావు? చక్రవర్తి తనని తాను ఇలా బతిమాలుకుంటున్నాడంటే మిగతావాళ్లకి ధైర్యమే.

నాలుగో అడుగు: జరిగిందీ, మీరు కలిపిందీ వేరు చేయండి

ఒకడు గబగబా స్నానం చేస్తే ‘సరిగ్గా చేయలేదు’ అనొద్దు, ‘గబగబా చేశాడు’ అను. ఎక్కువ తాగితే ‘చెడ్డగా తాగాడు’ అనొద్దు, ‘ఎక్కువ తాగాడు’ అను, అతను ఎందుకు తాగాడో తెలియకుండా చెడ్డది అని ఎలా అంటావు? ఇది ఎపిక్టెటస్ చెప్పిన పాఠం. మన రోజుల్లో దీన్ని సాధన చేయడానికి వాట్సాప్‌ని మించింది లేదు. ‘మెసేజ్ చూసి రిప్లై ఇవ్వలేదు’ అన్నది జరిగింది. ‘నన్ను లెక్కచేయడం లేదు’ అన్నది మీరు కలిపింది. మనసులోకి ఒక ఆలోచన దూసుకొచ్చినప్పుడు, కాస్త ఆగు, నువ్వెవరో దేని గురించి వచ్చావో చూడనీ, అని దానితోనే మాట్లాడమంటాడు ఎపిక్టెటస్. నిజంగానే అలా మాట్లాడి చూడండి.

ఆయన ఇంట్లో దేవుడి విగ్రహాల దగ్గర ఇనుప దీపం ఉండేది. ఒకరోజు చప్పుడైతే పరుగెత్తుకెళ్లి చూశాడు, దీపం లేదు. దొంగని తిట్టలేదు. వాడికి ఆశ పుట్టడం సహజమే, రేపు మట్టి దీపం తెచ్చుకుందాం అన్నాడు. ఇంకోచోట ఈ లెక్కనే తేలుస్తాడు: దీపం కోసం వాడు దొంగ అయ్యాడు, తన నిజాయితీని పెట్టి దీపం కొనుక్కున్నాడు, నష్టపోయింది ఎవరు?

ఐదో అడుగు: కోపం

దీని మీద సెనెకా మూడు భాగాల పుస్తకం రాశాడు, అన్ని అడుగుల్లోకీ వెంటనే ఫలితం కనిపించేది ఇదే. కోపం కాస్త ఉంటే మంచిదే, అది పనికి ఊపునిస్తుంది అనే వాదన అప్పుడూ ఉంది, అరిస్టాటిల్ పేరు చెప్పి అనేవాళ్లు. సెనెకా ఒప్పుకోలేదు. అన్యాయాన్ని ఎదిరించాలి, నాన్నని ఎవరైనా కొడుతుంటే అడ్డుపడాలి, కానీ అది కర్తవ్యం కాబట్టి చేయాలి, దానికి కోపం అక్కర్లేదు అంటాడు. ఇక్కడ నేను పూర్తిగా సెనెకా పక్షం. కోపం లేకుండా గట్టిగా నిలబడ్డ మనిషి మాట ఎక్కువ దూరం వెళ్తుంది.

మందు ఒక్కటే, ఆలస్యం. ప్లేటో ఒకసారి బానిసను కొట్టడానికి చెయ్యెత్తి, తనకి కోపం వచ్చిందని గమనించి, ఎత్తిన చేతిని అలాగే గాల్లో ఉంచేశాడట. వచ్చిన స్నేహితుడు ఏం చేస్తున్నావని అడిగితే, కోపంగా ఉన్న ఒక మనిషికి శిక్ష వేస్తున్నానన్నాడట. అగస్టస్ చక్రవర్తికి అథెనోడోరస్ అనే స్టోయిక్ గురువు ఇచ్చిన సలహా ఇంకా తేలిక: కోపం వస్తే, ఏ మాటా అనకముందు, ఏ పనీ చేయకముందు, అక్షరమాలలోని ఇరవై నాలుగు అక్షరాలూ వరసగా చెప్పుకో. మనకి ‘అ’ నుంచి ‘ఱ’ దాకా 56 ఉన్నాయి కాబట్టి ఇంకా ఎక్కువ సమయం దొరుకుతుంది. మెసేజ్ టైప్ చేస్తున్నప్పుడైతే టైప్ చేసి పెట్టుకోండి, పంపేది మాత్రం భోజనం తర్వాతే.

సెనెకా చెప్పిన ఇంకో సంఘటన ఉంది, అది చదివాక కోపం గురించి ఆలోచన మారుతుంది. వేడియస్ పోలియో అనే సంపన్నుడి ఇంట్లో అగస్టస్ భోజనం చేస్తున్నాడు. ఒక బానిస కుర్రాడి చేతిలోంచి స్ఫటికం గిన్నె జారి పగిలింది. వాణ్ణి చేపల కొలనులో పడేయమన్నాడు పోలియో. అందులో పెంచేది మాంసం పీక్కుతినే పెద్ద చేపల్ని. కుర్రాడు తప్పించుకుని వచ్చి చక్రవర్తి కాళ్ల మీద పడ్డాడు. ప్రాణం కాపాడమని కాదు, చావు ఎలాగూ తప్పదు, చేపలకి మేతగా కాకుండా ఇంకోలా చావనివ్వండి అని అడిగాడు. అగస్టస్ వాణ్ణి వదిలేయమన్నాడు, ఇంట్లో ఉన్న స్ఫటికం గిన్నెలన్నీ తన కళ్లముందే పగలగొట్టించాడు, కొలనుని పూడ్చేయించాడు. ఒక గిన్నెకీ ఒక మనిషికీ తేడా తెలియకుండా చేసేదే కోపం. చేతి కింద పనిచేసేవాళ్ల మీద కోపం వచ్చినప్పుడు ఈ గిన్నె గుర్తు తెచ్చుకోండి.

లెక్క పెట్టుకునే పద్ధతి ఎపిక్టెటస్ చెప్పాడు. ఇదివరకు రోజూ కోపం వచ్చేది, తర్వాత రోజు విడిచి రోజు, తర్వాత మూడు రోజులకోసారి, నాలుగు రోజులకోసారి. ముప్పై రోజులు కోపం లేకుండా గడిస్తే దేవుడికి మొక్కు చెల్లించుకో అన్నాడు. గోడ మీద క్యాలెండర్ ఉంటుంది కదా, దాని మీదే చుక్క పెట్టండి.

ఆరో అడుగు: కొన్ని రోజులు తక్కువతో బతకండి

డిసెంబర్ నెల. రోమ్ అంతా సాటర్నేలియా పండుగ హడావుడిలో ఉంది. ఆ సమయంలో సెనెకా తన స్నేహితుడు లుసీలియస్‌కి ఒక ఉత్తరం రాశాడు, ఇప్పుడది 18వ లేఖ. కొన్ని రోజులు అన్నిటికంటే తక్కువ, అన్నిటికంటే చవకైన తిండి తిను, ముతక బట్ట కట్టుకో, ‘నేను భయపడింది దీనికేనా?’ అని నిన్ను నువ్వు అడుగు. సైనికుడు శత్రువు లేనప్పుడే కవాతు చేస్తాడు, అలాగే కష్టం లేనప్పుడే కష్టానికి సిద్ధపడాలి అని ఆయన వాదన. మూడు నాలుగు రోజులు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. మంచం నిజంగా గడ్డిమంచమే అయ్యుండాలి, రొట్టె నిజంగా గట్టిదే అయ్యుండాలి, సరదాకి ఆడే ఆట కాకూడదు అని హెచ్చరిస్తాడు.

ఇలా చేస్తే గొప్పపని చేశావనుకోకు, వేలమంది బానిసలు, వేలమంది పేదలు రోజూ చేస్తున్నదే నువ్వు చేస్తావు అంటాడు అదే ఉత్తరంలో. ఎవరూ కొటేషన్‌గా పెట్టని వాక్యం ఇది, నా దృష్టిలో ఆ లేఖకి ప్రాణం. ఇది మీరు స్టేటస్‌లో పెట్టుకునే ఛాలెంజ్ కాదు. పక్కవీధిలో మనిషి ఎలా బతుకుతున్నాడో మీ ఒంటికి తెలియడం.

నెలలో వరసగా మూడు రోజులు తీసుకోండి. అన్నం, పచ్చడి, మజ్జిగ. ఆర్డర్లు లేవు. క్యాబ్ బదులు బస్సు. ఏసీ ఉంటే ఆపేయండి. ఖర్చు ఎంత తగ్గిందో చూడండి, ఆ మిగిలిన డబ్బు అవసరమున్న ఎవరికైనా ఇవ్వండి. షుగర్ ఉన్నవాళ్లు, గర్భిణులు, పెద్దవయసువాళ్లు తిండి జోలికి వెళ్లొద్దు, బట్టలూ ప్రయాణం వరకు చాలు. ఉద్యోగం పోతే ఎలా అన్న భయం ఉన్నవాళ్లకి ఈ సాధన చాలా మేలు చేస్తుంది, ఎందుకంటే ఎంతలో బతకొచ్చో కళ్లారా చూసినట్టవుతుంది.

కోట్లున్న సెనెకా పేదరికం గురించి చెప్పడమేంటని అప్పుడే అడిగారు. నాలుగేళ్లలో 30 కోట్ల సెస్టర్షియస్‌లు ఎలా వచ్చాయని ఒక ప్రత్యర్థి నిలదీశాడని చరిత్రకారుడు టాసిటస్ రాశాడు. ఆ విమర్శలో న్యాయముంది. నేను సెనెకాని గురువుగా కాకుండా ఒక రోగిలా చదువుతాను, ఆయన కూడా అదే అన్నాడు, పక్క మంచంలో ఉన్న రోగిలా నీతో మందుల గురించి మాట్లాడుతున్నాను అని.

ఏడో అడుగు: రాబోయే కష్టాన్ని ముందే చూడటం, జాగ్రత్తగా

లుగ్డునమ్, అంటే ఇప్పటి ఫ్రాన్స్‌లోని లియాన్, ఒక్క రాత్రి అగ్నిప్రమాదంలో కాలిపోయింది. ఒక మహానగరానికీ, ఏమీ లేకపోవడానికీ మధ్య ఒక్క రాత్రే ఉంది అని సెనెకా రాశాడు. అందుకే ఏం జరగొచ్చో అన్నీ ముందే ఆలోచించి పెట్టుకోమంటాడు. ఇది చేసేటప్పుడు ఊహలో ఆగిపోకుండా, అలా జరిగితే మొదట ఎవరికి ఫోన్ చేస్తాను, ఏ పేపరు ఎక్కడుంది, ఇంట్లో ఎవరికి ఏం తెలియాలి అనేదాకా వెళ్లాలి. ఇన్సూరెన్స్ కాగితాలు ఎక్కడున్నాయో ఇంట్లోవాళ్లకి చూపించడం కూడా ఈ సాధనలో భాగమే.

ఊరికే దిగులుపడే స్వభావం ఉంటే ఈ అడుగు వదిలేయండి. అదే సెనెకా 13వ లేఖలో, మనల్ని నిజంగా తాకేవాటికంటే భయపెట్టేవే ఎక్కువ, నిజంలో కంటే ఊహలోనే ఎక్కువ బాధపడతాం, టైముకి ముందే బాధపడకు అన్నాడు. ఎవరికి ఏ మందు కావాలో వాళ్లకే తెలియాలి. రోజుల తరబడి నిద్ర, ఆకలి లేకపోతే డాక్టర్‌ని కలవాల్సిందే, అది తత్వంతో తీరేది కాదు.

దుఃఖం సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. స్టోయిక్కులు ఏడవరు అన్నది తప్పు.  స్నేహితుణ్ణి పోగొట్టుకున్న లుసీలియస్‌ని ఓదారుస్తూ, అతిగా ఏడవొద్దని చెప్పిన సెనెకా, అదే ఉత్తరంలో, ఇది రాస్తున్న నేనే నా ప్రియమైన సెరీనస్ కోసం హద్దు లేకుండా ఏడ్చాను అని చెప్పుకున్నాడు.

ఎనిమిదో అడుగు: మనుషులు

ఇది చివర్లో పెట్టానని తక్కువ అనుకోవద్దు, మొదటి ఏడూ దీనికోసమే.

47వ లేఖ తెరవండి. యజమాని విందు చేసుకుంటుంటే చుట్టూ బానిసలు నిలబడి ఉంటారు, పెదవి కదపకూడదు, దగ్గు, తుమ్ము, ఎక్కిళ్లు వచ్చినా దెబ్బలే. సెనెకా వాదిస్తాడు: బానిసలు. కాదు, మనుషులు. బానిసలు. కాదు, మనతో ఒకే కప్పు కింద బతికేవాళ్లు. నీకంటే పైవాడు నీతో ఎలా ఉండాలనుకుంటావో నీకంటే కిందివాడితో అలా ఉండు. ఇంత చెప్పినా బానిసత్వాన్నే ఎత్తేయమని ఆయన అనలేదు, ఆ లోపాన్ని మనం దాచకూడదు. అయినా ఆ ఉత్తరాన్ని మన ఇళ్లలో పనిమనిషికి ఇచ్చే గ్లాసు వేరు, కూర్చునే చోటు వేరు అన్న పద్ధతితో పోల్చుకుంటూ చదవండి. మార్చాల్సింది ఏంటో వెంటనే కనిపిస్తుంది, ఈ వారమే మార్చండి.

తర్వాత కృతజ్ఞతల పట్టిక. మార్కస్ పుస్తకం మొదటి భాగం మొత్తం ఇదే, 17 చిన్న భాగాలు, తాత దగ్గర నుంచి దేవుళ్ల దాకా ఎవరి దగ్గర ఏం నేర్చుకున్నాడో. అమ్మ దగ్గర ఇచ్చే గుణం, సంపన్నుల జీవితానికి దూరంగా సాదాగా బతకడం. అలెగ్జాండర్ అనే ప్లేటో అనుయాయి దగ్గర నేర్చుకున్నది నాకు బాగా ఇష్టం: అవసరం లేకుండా తరచూ ‘నాకు తీరిక లేదు’ అనకూడదు, మాటల్లో గానీ ఉత్తరంలో గానీ. సామ్రాజ్యం నెత్తిన ఉన్న మనిషి రాసుకున్న మాటిది! మీరు కూడా పేర్లు రాయండి, ప్రతి పేరు పక్కన ఒకే ఒక్క నిర్దిష్టమైన విషయం. వాళ్లలో బతికున్నవాళ్లకి ఫోన్ చేసి ఆ విషయం చెప్పండి.

పిల్లల పెంపకం దగ్గర మ్యూసోనియస్ ఒక్క మాట చాలు: కొడుకుకి ఇచ్చే చదువే కూతురికీ ఇవ్వాలి, మంచి గుణాలు ఇద్దరికీ ఒకటే కాబట్టి. ఒకటో శతాబ్దంలో చెప్పాడు.

తొమ్మిదో అడుగు: ఏం చదవాలి, ఎలా చదవాలి

ముందు ఎపిక్టెటస్ చిన్న పుస్తకం, 53 చిన్న చిన్న భాగాలు, రోజుకొకటి. తర్వాత సెనెకా లేఖలు, మనకి దొరికినవి 124, వాటిలో 1, 7, 12, 13, 18, 47 ముందు చదవండి. 56 సరదాగా ఉంటుంది, స్నానశాల పైన గదిలో ఉంటూ కింద నుంచి వచ్చే మూలుగులు, మాలిష్ చేసే చప్పుళ్లు, తినుబండారాలు అమ్మేవాళ్ల కేకలు అన్నీ వర్ణిస్తూ నాకేం ఇబ్బంది లేదంటాడు, చివర్లో మాత్రం ఎందుకొచ్చిన హింస, వేరేచోటికి మారిపోతాను అంటాడు. తప్పించుకోగలిగిన ఇబ్బందిని పంతానికి భరించక్కర్లేదని నేను దాంట్లోంచి తీసుకున్నాను. మార్కస్‌ని ఆఖర్న చదవండి, రెండో భాగంతో మొదలుపెట్టి తర్వాత మొదటిదానికి రండి. స్టోయిక్కులు కానివాళ్లలో రోమన్ కవి లుక్రీషియస్ ఉన్నాడు, గ్రీకు తత్వవేత్త ఎపిక్యూరస్ దారి, చావు భయం గురించి ఆయన రాసినంత బాగా ఎవరూ రాయలేదని నా అభిప్రాయం. పక్క బడివాడు కదా అని వదిలేయొద్దు, సెనెకా కూడా ఎపిక్యూరస్ మాటల్ని లేఖల్లో పదేపదే తీసుకొచ్చాడు, శత్రువు శిబిరంలోకి వేగులా వెళ్తాను, ఫిరాయించినవాడిలా కాదు అని చెప్పి మరీ.

ఒకేసారి పది పుస్తకాలు తిరగేయకండి. రోజుకి ఒక్క ఆలోచన తీసుకుని ఆ రోజంతా దాన్ని నమలమంటాడు సెనెకా. లుసీలియస్ ఒకసారి మంచి మంచి సూక్తులు ఏరి పంపమని అడిగితే 33వ లేఖలో గట్టిగానే కోప్పడ్డాడు: జీనో ఇలా అన్నాడు, ఇంకొకరు అలా అన్నారు, సరే, నువ్వేమంటావు? అందుకని నోట్‌బుక్‌లో ఏ మాటనైనా రాసుకుంటే దాని కింద నాలుగు గీతలు ఖాళీగా వదలండి, ఆ వారంలో ఆ మాట మీకు పనికొచ్చిన సందర్భమో, పనికిరాని సందర్భమో, పేర్లతో సహా అక్కడ రాయండి. ఏమీ రాయలేకపోతే కొత్త పేజీకి వెళ్లకుండా అదే మాటతో ఇంకో వారం ఉండండి.